తోపు బోర్డు మీద మా వాడ

నిరుడు శ్రావణంలో రెండో శుక్రవారం, పొద్దున పది గంటల నలభై నిమిషాలకు, జగిత్యాల కోట బురుజు మీద, తెర తీయకముందే నేను బోర్డు చదివేశాను. తర్వాత జరిగిందంతా దాని వల్లనే జరిగింది. టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, బోర్డు పెట్టించిన ఆఫీసరు సారు అప్పుడే ఫోను చూసుకుని, "పదీ నలభై అయింది, పెద్ద సారు పదకొండుకు అస్తరు" అన్నాడు. ఆ మాట నా చెవిన పడినప్పుడు నా చెయ్యి తెర కొస మీద ఉంది.

నాకు చదువు అరవై దాటాక వచ్చింది. నేర్పింది మా కోడలు. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని ఇద్దరం బీడీలు చేసేవాళ్లం. బండ మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసి, కట్ట పూర్తయ్యేలోగా నాతో పదిసార్లు అనిపించేది. నేర్చుకోవాలని ఎందుకు బుద్ధి పుట్టిందంటే, సిరిసిల్లలో మా బిడ్డ ఇంటికి పోవాలని బస్టాండుకు పోతే, ఒకడు కావాలనే నన్ను మెట్‌పల్లి బస్సు ఎక్కించాడు. కిటికీలోంచి చూస్తే వాడు నవ్వుతున్నాడు. మెట్‌పల్లిలో దిగి తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడే అనుకున్నాను, ఇక బోర్డు చదవమని ఒకడిని అడిగేది లేదని.

వచ్చిన చదువు చిన్నది. మనసులో చదవడం నాకు రాదు. వేలు పెట్టి, పైకి, ఒక్కో అక్షరం పట్టుకుని చదువుతాను. బస్సులో కూర్చుంటే కిటికీ అద్దం మీద వేలు జరుపుతూ దారిపొడవునా దుకాణాల బోర్డులన్నీ చదువుకుంటూ పోతాను. సిరిసిల్ల వియ్యపురాలికి ఇది నవ్వులాట.

"వదినే, బస్సుల ఉన్నోళ్లందరికీ కండ్లున్నయి. నువ్వు సదివి చెప్పాల్నా" అంటుంది.

"నీకు కండ్లే ఉన్నయి. నాకు అక్షరాలు గూడ ఉన్నయి" అంటాను.

తోపు సంగతికి వస్తాను. కోరుట్లలో మాది నేత వాడ. నేను కాపురానికి వచ్చేనాటికి ఇంటింటా మగ్గం ఆడేది. పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే నూలు, దానికి గంజి పెట్టకపోతే నేతలో పుటుక్కున తెగుతుంది. ఆ పని ఇంట్లో పట్టదు. తెల్లవారగానే, ఎండ ముదరకముందే, వీధి పొడవునా పడుగు చాపి, రెండు కొసలా లాగి కట్టి, గంజి చల్లి, పెద్ద పెద్ద కుంచెలతో ఇటొకరు అటొకరు నిలబడి దువ్వుకుంటూ పోవాలి. ఆడా మగా అందరం దిగేవాళ్లం. ఒక కొసకు కర్రలు పాతేవాళ్లు. రెండో కొసకు కర్రలతో పని లేదు. వీధి మొగదల ఇనుప గుంజ ఉండేది. నడుమెత్తు నిలబడి, పైన గుండ్రటి బుడిపె, బుడిపె కింద సన్నటి మెడ. తాడు చుట్టడానికే చేసినట్టుండేది. వాడంతా కలిసి లాగినా వెంట్రుకవాసి కదిలేది కాదు.

అది తోపని, అంటే పాతకాలం ఫిరంగి అని, మాకు తెలియదు. మా మామ తండ్రి కాలంలో ఎవరో మూతి భూమిలోకి, వెనకభాగం పైకి పెట్టి పాతారు. ఎక్కడి నుంచి తెచ్చారో అడిగినవాళ్లు లేరు. బుడిపె కింద చుట్టూ వంకర వంకర గీతలు ఉబ్బెత్తుగా ఉండేవి. మేము వాటిని తీగ అల్లిక అనుకున్నాం. మా అత్త ఆ అల్లికను చూసి ఒక చీర అంచుకు బొమ్మ కూడా ఎత్తింది. మూడు నాలుగేళ్లు ఆ అంచు చీరలు రాయికల్ సంతలో బాగా పోయాయి. అవి పారసీ అక్షరాలని, తోపు పోసినవాడు తన గొప్ప చెక్కించుకున్న మాటలని ఇప్పుడు తెలిసింది. ఒక్క అక్షరం రాని మా అత్త అక్షరాలను చీరకు నేసింది. ఊళ్లో ఆడవాళ్లు తోపు గొప్పను నడుముకు చుట్టుకుని నాట్లు వేశారు.

గుంజతో ఒక్కటే తిప్పలు. ఇనుము తుప్పు పడితే తెల్ల నూలుకు మరక పడుతుంది. తుప్పు మరక ఉతికినా పోదు. అందుకని తాడు చుట్టే ముందు నూనె గుడ్డతో గుంజను పైనుంచి కింది దాకా తుడిచేవాళ్లం. ఆ పని కొత్త కోడలిది. నేను వచ్చిన నాలుగో రోజునే మా అత్త నా చేతిలో గుడ్డ పెట్టింది. "మొగని మొకం తర్వాత చూద్దువు, ముందుగాల గుంజ మొకం చూడు" అంది. చూశాను. నా తర్వాత మా తోడికోడలు చూసింది.

తర్వాత సిరిసిల్ల పవర్‌లూముల ముందు మా మగ్గాలు నిలబడలేదు. మగవాళ్లు కొందరు ఆ సాంచాల మీదికే కూలికి పోయారు, కొందరు గల్ఫు పోయారు. ఆడవాళ్లం బీడీల చాట ఒడిలో పెట్టుకున్నాం. వీధిలో పడుగు చాపక ఇరవై ఏళ్లు దాటింది. గుంజకు పని పోయింది. దాని బుడిపెకు బర్రెను కట్టేసినవాళ్లున్నారు, నేను కూడా కట్టేశాను.

ఒక్క మా మరిది మాత్రం గుడ్డ విడవలేదు. అతను సిరిసిల్లలో సాంచా నడిపేవాడు. పదిహేను రోజులకొకసారి ఇంటికి వస్తే, కాళ్లు కడుక్కోకముందే నూనె గుడ్డ తీసుకుని గుంజ దగ్గరికి పోయేవాడు.

"పడుగు లేదు, పాడు లేదు. ఎవలి కోసం రుద్దుతున్నవయ్యా" అని అడిగేదాన్ని.

"అలవాటు వదినే" అనేవాడు. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు. ఇతనికి కొంచెం తిక్క ఉందని నలుగురిలో నేనే అన్నాను. దాచుకోవలసిన పని లేదు, అన్నాను.

నిరుడు ఎండాకాలం మా వీధికి సిమెంటు రోడ్డు వచ్చింది. గుంజ అడ్డమన్నారు. మా వాడ చివర కల్లు గీసేవాళ్ల ఇల్లు ఉంది. ఆ ఇంటి కొడుకు దుబాయిలో పదేళ్లు క్రేను నడిపి, ఇప్పుడు ఇక్కడ సొంత క్రేను పెట్టుకున్నాడు. పట్టా వేసి పైకి లాగాడు. నడుమెత్తు గుంజ కదా, గంపంత మట్టితో వచ్చేస్తుందనుకున్నాం. వస్తూనే ఉంది. ఇద్దరు మనుషుల పొడుగు వచ్చింది. కింది కొసన నోరు తెరుచుకుని ఉంది.

క్రేను మీది నుంచి ఆ పిలగాడు వంగి చూసి, "పెద్దమ్మా, ఇది గుంజ గాదు. తోపు. ఇన్ని రోజులు తోపుకు తాడు కట్టి లాగిండ్రు మీరు" అన్నాడు.

ఫోటో ఎవరి ఫోను నుంచి ఎవరికి పోయిందో గాని, మధ్యాహ్నానికే జగిత్యాల నుంచి కాలేజీ సారు ఒకాయన వచ్చాడు. చరిత్ర పాఠం చెబుతాడు. తోపును కొలిచి, దాని ఒంటి మీది కడియాల్లాంటి పట్టీలు లెక్కబెట్టి, రోడ్డు మీదే చతికిలబడ్డాడు. జగిత్యాల కోట బురుజుల మీద పాత తోపుల వరుసలు ఉన్నాయి కదా, వాటి దగ్గర ఏ వరుస ఎటువైపు కాచేదో చెప్పే బోర్డులు పెడుతున్నారట. ఒక వరుసలో ఒక జాగ ఖాళీగా ఉందట. మా గుంజ ఆ వరుసలోదే అన్నాడు. రెండు రోజులకు కోటలు చూసుకునే ఆఫీసు నుంచి ఆఫీసరు వచ్చాడు. తోపు ఇవ్వమన్నాడు.

వాడంతా కూడింది. ఇవ్వొద్దని కొందరు, రోడ్డు పక్కన పడేసి ఏం చేస్తామని కొందరు. నేను ఇద్దామన్నాను. కాకపోతే ఒక మాట అడిగాను.

"సారూ, బోర్డు మీద మా వాడ సంగతి రాయాలె. ఇది ఎవల దగ్గరుండె, ఎట్లుండె, గది రాయాలె."

"తప్పకుండ రాస్తమవ్వా" అన్నాడు ఆఫీసరు.

అది ఎందుకు అడిగానో చెబుతాను. మగ్గాలను చీల్చి వంటకు పొయ్యిలో పెట్టుకున్నాం. కుంచెల బొచ్చు పురుగు తిన్నది. మేము నేసిన చీరలు చిరిగి పాతగుడ్డలై ఏనాడో పోయాయి. ఇన్ని తరాలు ఒక వాడ వాడంతా పొద్దున్నే లేచి పని చేసిందనడానికి మిగిలింది ఆ ఒక్క ఇనుము. అది కూడా ఇచ్చేస్తే, బోర్డు మీద ఉండే మాట తప్ప మాకు ఇంకేమీ ఉండదు.

ఇక ఆ శుక్రవారం. మబ్బు పట్టి ఉంది గాని వాన లేదు. టెంపో కట్టుకుని వాడవాళ్లం పోయాం, భోజనాలు కట్టుకుని. వియ్యపురాలు సిరిసిల్ల నుంచి నేరుగా జగిత్యాలకే వచ్చింది. బురుజు మీద మా తోపు తన జాగలో పడుకుని ఉంది. మా వీధిలో నిలబడ్డప్పటి కంటే అక్కడ పెద్దగా కనిపించింది. పక్కన పచ్చ రంగు బోర్డు, దానికి తెర. నాకు ఆగబుద్ధి కాలేదు. కొస ఎత్తి వేలు పెట్టి మొదలుపెట్టాను. పై వరుసల్లో తోపుల లెక్క, అవి కాచిన దిక్కు, పోసినవాడి మాట ఉన్నాయి. మెల్లగా కిందికి వచ్చాను, అక్కడి రంగు వేలికి కొంచెం అంటింది. చివరి రెండు వరుసలు ఇవి:

"ఈ వరుసలోని ఒక తోపు కోరుట్లలోని ఒక వీధిలో నిర్లక్ష్యానికి గురై, నిరుపయోగంగా పడి ఉండగా గుర్తించి స్వాధీనపరచుకోవడమైనది."

నిర్లక్ష్యం దగ్గర మూడుసార్లు తట్టుకున్నాను. మూడుసార్లూ పైకే చదివాను. దాంతో బురుజు మీద ఉన్న అందరూ మూడుసార్లు విన్నారు.

"అవ్వా, తెర గప్పుడే ఎత్తద్దు" అని ఆఫీసరు పరుగున వచ్చాడు.

"ఎత్తిన. చదివిన గూడ. నిర్లక్ష్యం చేసిందెవలు సారూ?"

"గట్ల గాదవ్వా. అది ఆఫీసు భాష. ఎవలనూ అన్నట్టు గాదు."

"ఎవలనూ అననప్పుడు తీసెయ్యుండ్రి."

వియ్యపురాలు వెనక నుంచి, "వదినే, నీకు సదువచ్చినకాంచి మాకు తిప్పలే. అన్నాలు సల్లారుతున్నయి" అంది.

"సల్లారనీ. మనల్ని బోర్డు మీద తిట్టి మన చేతనే సప్పట్లు కొట్టిస్తున్నరు. తిని కొడుతవా, తినక కొడుతవా?"

  వియ్యపురాలు మెల్లగా వచ్చి నా పక్కన నిలబడింది.

ఆఫీసరు మళ్లీ ఫోను చూసుకున్నాడు. "పెద్ద సారు వచ్చే టైమాయె. ఇయ్యాల కానీయుండ్రి. తర్వాత మారుస్తం" అన్నాడు.

"తర్వాత సంగతి నాకు తెలుసు సారూ. తర్వాత తర్వాత అనుకునే అరవై ఏండ్లు అక్షరం నేర్వలే" అని బోర్డు ముందు గద్దె మీద కూర్చున్నాను. "మాట మారితె నేను లేస్త. నేను లేస్తె తెర లేస్తది."

మా వాడ ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఎవరినీ పిలవలేదు. గద్దె చిన్నది, చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు.

ఆఫీసరు మెత్తబడలేదు. చదువుకున్నవాడు, గట్టి ప్రశ్న వేశాడు. "సరే అవ్వా, మీరు గుంజ లెక్క వాడిండ్రు, ఒప్పుకుంట. పడుగులు బందై ఇరవై ఏండ్లాయె. అప్పటికాంచి దాన్ని చూసుకున్నదెవరు? బర్రెలు కట్టేసిండ్రని నేనే విన్న. దాన్ని నిర్లక్ష్యమనక ఏమనాలె?"

 ఆ బర్రెల్లో ఒకటి నాదే. 

వెనక నుంచి, "నేను చూసుకున్న సారూ" అని ఒక గొంతు వచ్చింది. మా మరిది. గుంపు కొసన, పిట్టగోడ పక్కన ఉన్నాడు. అందరూ తిరిగి చూసేసరికి తల వంచుకున్నాడు గాని మాట ఆపలేదు. "పదేను రోజులకోపాలి నూనె వెట్టిన. ఇరవై ఏండ్లు. చెయ్యి వెట్టి చూడుండ్రి. పక్క తోపు మీద గూడ వెట్టి చూడుండ్రి."

అతను అన్ని మాటలు ఒక్కసారి అనడం మేమెవరం వినలేదు. ఆఫీసరు ముందు పక్క తోపు మీద చెయ్యి పెట్టాడు. ఎర్రటి తుప్పు అరచేయంతా అంటుకుంది. రెండో చెయ్యి మా తోపు మీద, బుడిపె దగ్గర పెట్టి నిమిరాడు. చూసుకున్నాడు. చెయ్యి శుభ్రంగా ఉంది, కొంచెం నూనె మెరుపు తప్ప.

అప్పుడు కాలేజీ సారు ముందుకు వచ్చాడు. అప్పటిదాకా ఎటూ మాట్లాడకుండా చూస్తున్నాడు, ఆ కోపం నాకు కొంచెం ఉంది. కాని మాట్లాడినప్పుడు బాగా మాట్లాడాడు.

"సార్, ఈ వరుసల మిగిలిన తోపుల మీద ఒక్క అక్షరం మిగల్లే. వానకు, ఎండకు తినుకపోయినయి. బోర్డు మీద తోపు పోసినాయన మాట రాసినం గదా, గదంత ఈ ఒక్క తోపు మీద చదివిందే. వీళ్లు నూనె వెట్టకపోతే మనకు బోర్డు మీద రాసుకునెతందుకు ఏం లేకుండె."

 కింద కారు హారను వినబడింది.

తెర తీయవలసిన పెద్ద సారు, ఆఫీసరుకు పై అధికారి, మెట్లెక్కి వచ్చేసరికి, బోర్డుకు అడ్డంగా ఇంతమంది ఆడవాళ్లం కూర్చుని ఉన్నాం. ఆయన మమ్మల్ని చూడలేదు. దండం పెట్టిన ఆఫీసరు చెయ్యి చూశాడు.

"చేతికేమైందయ్యా?"

"తుప్పు సార్" అన్నాడు ఆఫీసరు.

మా వాడ ఆడవాళ్లు ఒక్కసారే నవ్వారు. ఆ నవ్వులో సగం పని అయిపోయింది. మిగిలిన సగం కాలేజీ సారు రెండు ముక్కల్లో చెప్పాడు. పెద్ద సారు ఒంగి చివరి రెండు వరుసలు చదివి, "వీళ్లన్నది నిజమే గదా. మార్చుండ్రి. మేం చాయ్ తాగుతం" అన్నాడు.

"ఇప్పటికిప్పుడు ఎట్ల సార్" అని ఆఫీసరు అంటుండగానే, బోర్డు రాసిన పెయింటరు డబ్బా మీద నుంచి లేచాడు. మెట్‌పల్లి మనిషి. అంచుకు చివరి గీత వేయడానికి ఆగినవాడు. "కింది రెండు లైన్లు ఇయ్యాల పొద్దుగాల రాసినయే సార్. మబ్బుకు ఇంక ఆరలే. తుడిస్తె పోతయి" అన్నాడు. ఆఫీసరు అతన్ని కొరికేసేలా చూశాడు. అతను అప్పటికే గుడ్డ టర్పెంటులో ముంచాడు. నిర్లక్ష్యం ఒక్క తుడుపుకు పోయింది.

"ఏం రాయమంటవవ్వా?" అని పెయింటరు నన్నే అడిగాడు.

ఆఫీసరు ముందే అందుకున్నాడు. "ప్రజల సహకారంతో అని రాయి, సరిపోతది."

"సహకారం గాదు సారూ, నూనె. నూనె అని రాయాలె" అన్నాను.

"బోర్డు మీద నూనె అంటె బాగుంటదా అవ్వా?"

"ఇనుముకు బాగున్నది గదా."

పెద్ద సారు చాయ్ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాడు. నేను చెప్పాను, కోడలు మాటలు సరిచేసింది, పెయింటరు రాశాడు. మరిది సంగతి కూడా పెట్టమంటే అతను ఒప్పుకోలేదు. "వాడ అంటె అండ్ల నేను గూడ ఉన్న వదినే" అన్నాడు.

"నిన్ను తిక్కోనివన్న. నలుగురిల అన్న" అన్నాను.

"నువ్వొక్కదానివే అనలేదు తియ్యి" అన్నాడు.

తెర పెద్ద సారే తీశాడు. చదవమని మైకు నా చేతికిచ్చారు. వేలు పెట్టబోతే పెయింటరు, "తడి ఉన్నదవ్వా, అంటకు" అన్నాడు. వేలు పెట్టకుండా చదవడం నాకు అదే మొదటిసారి. ఒక్కచోట కూడా తట్టుకోలేదు.

"ఈ తోపును కోరుట్ల నేత వాడ వారు తరతరాలు పడుగు గుంజగా నిలుపుకున్నారు. తుప్పు పట్టకుండా నూనె పెట్టి కాపాడారు. దీని మీది అక్షరాలు అందువల్లనే మిగిలాయి."

నిన్నగాక మొన్న జగిత్యాల పోయి మళ్లీ చూసి వచ్చాను. రంగు గట్టిగా ఉంది. బడి పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన పంతులమ్మ ఒకామె ఆ మూడు వాక్యాలు వాళ్లకు చదివి చెబుతోంది. పడుగు అంటే ఏమిటని పిల్లలు అడిగితే ఆమెకు తెలియలేదు. నేను చెప్పాను. చాలాసేపే చెప్పాను.

ఆ శుక్రవారం బురుజు మీద ఉన్నవాళ్లు ఎవరో చెప్పి ముగిస్తాను. పేర్లు రాయను, ఒకరి పేరు ముందు, ఒకరిది వెనక అయితే వాడలో కొట్లాట. ఉన్నది మా మరిది. నాకు అక్షరాలు నేర్పిన కోడలు. అన్నం గిన్నెల మూట ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్న మా తోడికోడలు. సిరిసిల్ల వియ్యపురాలు, ఆమె వెంట మా బిడ్డ. బీడీల పని ఒక పూట మానుకుని వచ్చిన మా వాడ ఆడవాళ్లు పద్నాలుగు మంది. వాళ్లలో ఇద్దరు నాతో మాటలు లేనివాళ్లు, అయినా కూర్చున్నారు. తోపును ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి జాగలో పడుకోబెట్టిన దుబాయి క్రేను పిలగాడు. టెంపో నడిపినతను. కాలేజీ సారు. మెట్‌పల్లి పెయింటరు. పెద్ద సారు, ఆయన డ్రైవరు. చాయ్ పోసినామె. చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు అడిగిన ఆఫీసరు సారు. నేను. ఇంతే మంది. ఇంకెవరైనా వచ్చి ఆ రోజు మేము కూడా ఉన్నామంటే నమ్మకండి.